డబ్బు నాది, పక్కన పేరు కంపెనీది: ఎన్నికల డొనేషన్ల లెక్క ఎలా చూడాలి?

కొత్త_ఓటరు | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. అమెరికా పౌరసత్వం వచ్చి ఏడాదైంది. ప్రమాణం చేసిన వారంలోనే ఓటరుగా నమోదయ్యాను. రాజకీయాలంటే అన్నాళ్లూ టీవీ ముందు కూర్చుని వాదించుకోవడమే తప్ప చేసిందేమీ లేదు. ఈసారి మా నియోజకవర్గంలో ప్రతినిధుల సభకు పోటీ చేస్తున్న ఒకామె మాటలు నచ్చి 250 డాలర్లు పంపాను. ఫారంలో వృత్తి, యజమాని పేరు అడిగారు. ఉన్నదున్నట్టు రాశాను.

మొన్న భోజనాల దగ్గర మా టీమ్‌లో ఒకతను ఫోన్ తీసి, "చూశారా, మన కంపెనీ ఆ పార్టీకి ఎంత దోచిపెట్టిందో" అంటూ ఒక వెబ్‌సైట్ చూపించాడు. కంపెనీ పేరు, దాని ఎదురుగా పెద్ద అంకె. ఇంటికొచ్చి అసలు రికార్డు వెతికితే అందులో నా పేరు, ఊరు, జిప్ కోడ్, కంపెనీ పేరు, 250 డాలర్లు, తేదీ అన్నీ ఉన్నాయి. గుండె జారిపోయింది. దాచాల్సింది చేయలేదు, అయినా ఎవరో నా అల్మారా తెరిచినట్టు అనిపించింది.

రెండు సందేహాలు. నేను ఇచ్చింది కంపెనీ ఇచ్చినట్టు ఎలా లెక్కేస్తారు? కంపెనీ పేరు రాయకుండా ఉండాల్సిందా?

అర్ధరాత్రి_కోడర్ | సోమవారం రాత్రి 10:05

మీ టీమ్ అతను చెప్పింది తప్పు. కంపెనీ తన ఖజానా నుంచి ఫెడరల్ అభ్యర్థికి ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. 1907లో టిల్‌మన్ చట్టం వచ్చినప్పటి నుంచీ అదే పద్ధతి. ఆ అంకె మీలాంటి ఉద్యోగులు సొంతంగా ఇచ్చినవన్నీ కూడితే వచ్చింది.

నిశ్శబ్ద_దాత | సోమవారం రాత్రి 10:20

ఒక సవరణ. 2010లో సిటిజెన్స్ యునైటెడ్ తీర్పు వచ్చాక కంపెనీలు అభ్యర్థితో సంబంధం లేకుండా విడిగా ఖర్చు పెట్టుకోవచ్చు, సూపర్ ప్యాక్‌లకు, అంటే అభ్యర్థి చేతికి ఇవ్వకుండా విడిగా ప్రచారం చేసే నిధులకు, ఎంతైనా ఇవ్వచ్చు. కాబట్టి కంపెనీ డబ్బే రాజకీయాల్లో లేదనడం సరికాదు. అభ్యర్థి చేతికి నేరుగా ఇవ్వడమే నిషేధం.

పద్దుల_పుస్తకం | సోమవారం రాత్రి 11:15

కొత్త ఓటరు గారూ, మూడు ఎన్నికల్లో ఒక చిన్న ప్రచారానికి ట్రెజరర్‌గా జీతం లేకుండా పనిచేశాను. మీరు నింపిన ఫారం అవతలి వైపు కూర్చున్నదాన్ని. కొంచెం వివరంగా రాస్తాను.

ఒక ఎన్నికల చక్రంలో ఒక దాత ఇచ్చిన మొత్తం 200 డాలర్లు దాటితే ప్రచార కమిటీ ఫెడరల్ ఎలక్షన్ కమిషన్‌కు పేరు, చిరునామా, వృత్తి, యజమాని పేరు రాసి ఇవ్వాలి. ఒకేసారి 250 ఇచ్చినా, యాభై చొప్పున అయిదుసార్లు ఇచ్చినా ఒకటే. దాత యజమాని పేరు ఖాళీగా వదిలితే మేం ఊరుకోవడానికి లేదు. డబ్బు అందిన 30 రోజుల్లోపు మళ్లీ అడగాలి. అడిగినట్టు మా దగ్గర ఆధారం ఉండాలి. ఖాళీ గళ్లు నింపడానికి రాత్రుళ్లు కూర్చుని ఉత్తరాలు పెట్టిన రోజులు నాకింకా గుర్తున్నాయి. కాబట్టి మీరు రాసింది సరైన పని. రాయకపోయినా మాలాంటి వాళ్లెవరో ఫోన్ చేసేవాళ్లే.

చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. ఆన్‌లైన్‌లో చందాలు వసూలు చేసే యాక్ట్‌బ్లూ, విన్‌రెడ్ లాంటి వేదికల ద్వారా ఇస్తే ఇరవై డాలర్లయినా రికార్డులో కనబడుతుంది. అవి మధ్యవర్తులు గనక వాటి చేతి మీదుగా అభ్యర్థికి వెళ్లే ప్రతి మొత్తాన్నీ దాత పేరుతో చూపించాలి. "200 దాటలేదుగా, నా పేరు రాదు" అనుకుని ఇచ్చినవాళ్లు తర్వాత నాతో గొడవపడ్డారు. తప్పు వాళ్లది కాదు, ముందే చెప్పాల్సింది మేమే.

యజమాని పేరు ఎందుకంటారా? డబ్బు ఎటువైపు నుంచి వస్తోందో ఓటరుకు తెలియడానికి. ఒక బిల్లును చూసే కాంగ్రెస్ కమిటీలో ఉన్న సభ్యుడికి ఒకే పరిశ్రమ ఉద్యోగుల నుంచి ఒకే నెలలో నలభై చెక్కులు వస్తే ఆ సంగతి జనానికి కనబడాలి. నలభై మందీ వేరువేరు కారణాలతో ఇచ్చి ఉండొచ్చు, ఒకరు అడిగితే ఇచ్చి ఉండొచ్చు. ఆ గడి లేకపోతే ప్రశ్న వేసే వీలే ఉండదు.

అర్ధరాత్రి_కోడర్ | సోమవారం రాత్రి 11:30

చందాల లెక్కలు చూపించే ఓపెన్‌సీక్రెట్స్ లాంటి సైట్లు ఆ గడి పట్టుకునే కూడతాయి. పేజీలో చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది: డబ్బు సంస్థ ఇచ్చింది కాదు, దాని ప్యాక్ (సంస్థ పెట్టే విడి రాజకీయ నిధి), ఉద్యోగులు, యజమానులు, వాళ్ల కుటుంబ సభ్యులు ఇచ్చింది అని. ఆ ముక్క ఎవరూ స్క్రీన్‌షాట్ తీయరు. పైనున్న పెద్ద అంకె మాత్రం తీసి పంచుతారు.

నిశ్శబ్ద_దాత | మంగళవారం ఉదయం 6:50

పద్దుల గారు చెప్పిన ఉద్దేశం మంచిదే. కానీ భారం ఎవరి మీద పడుతోంది? లక్షలు కుమ్మరించేవాడికి లాయర్లుంటారు, పేరు బయటపడకుండా డబ్బు తిప్పే సంఘాలుంటాయి. 250 ఇచ్చిన మామూలు ఉద్యోగి పేరు మాత్రం పక్క సీటువాడి ఫోన్‌లో తేలుతుంది.

బ్రెండన్ ఐక్ సంగతి గుర్తుందా? 2008లో కాలిఫోర్నియాలో స్వలింగ వివాహాలను అడ్డుకునే ప్రొపొజిషన్ 8కి వెయ్యి డాలర్లిచ్చాడు. రాష్ట్ర రికార్డులో ఆయన పేరు పక్కన ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లా అని పడింది. 2014 మార్చిలో అదే సంస్థకు సీఈఓ అయ్యాడు, ఏప్రిల్ 3న రాజీనామా చేశాడు. ఆరేళ్ల నాటి డొనేషన్. ఆయన అభిప్రాయం నాకూ నచ్చదు. అయినా నేను అడిగేది ఒకటే: రేపు మీ అభిప్రాయం నచ్చని మేనేజర్ వస్తే? ఓటు రహస్యం, డొనేషన్ బహిరంగం. ఈ రెండింటి మధ్య మామూలు మనిషి నలిగిపోతున్నాడు.

నేను నాలుగేళ్లుగా ఇవ్వడం మానేశాను. భయంతోనే. చెప్పుకోవడానికి బాధగా ఉంది కానీ నిజం అదే.

పద్దుల_పుస్తకం | మంగళవారం ఉదయం 7:30

మీ బాధ నాకు అర్థమవుతుంది. కాదనను. సుప్రీంకోర్టు కూడా ఈ భయాన్ని పూర్తిగా కొట్టిపారేయలేదు. 1976లో బక్లీ కేసులో వివరాలు బయటపెట్టాలన్న నియమాన్ని సమర్థిస్తూనే, దాతలకు బెదిరింపులు, వేధింపులు వస్తాయని చూపించగలిగిన చిన్న పార్టీలకు మినహాయింపు ఉండాలంది. 1982లో ఒహాయోలోని సోషలిస్ట్ వర్కర్స్ పార్టీ ఆ దారిలోనే తన దాతల పేర్లు దాచుకునే హక్కు గెలిచింది.

ఐక్ మాత్రం సంస్థకు అధిపతిగా వచ్చాడు, అక్కడ లెక్క వేరు. టీమ్‌లో కోడ్ రాసే మనిషిని ఆయనతో పోల్చలేం. మామూలు ఉద్యోగికి రక్షణ కావాలన్న మీ మాటతో ఏకీభవిస్తాను. కాలిఫోర్నియాలో లేబర్ కోడ్ 1101, 1102 సెక్షన్లు ఉద్యోగి రాజకీయ కార్యకలాపాల జోలికి యజమాని రాకూడదంటాయి. అన్ని రాష్ట్రాల్లో అలాంటి రక్షణ లేదు, ప్రైవేటు ఉద్యోగికి ఫెడరల్ స్థాయిలోనూ అలాంటి చట్టం లేదు. అడగాల్సింది అది. రికార్డు చించేయమని కాదు, రికార్డు చూసి కక్ష తీర్చుకునేవాడిని ఆపమని.

ఇంకో చిన్న ఊరట. ఆ రికార్డులోని వ్యక్తుల వివరాలు తీసుకుని మళ్లీ చందాలు అడగడానికి గానీ వ్యాపారానికి గానీ వాడకూడదు. కనిపెట్టడానికి కమిటీలు ఒక్కో రిపోర్టులో పది వరకు దొంగ పేర్లు కలపొచ్చు. ఆ దొంగ పేరుకు ఉత్తరం వస్తే ఎవరు జాబితా ఎత్తుకెళ్లారో తెలిసిపోతుంది.

ఇరవయ్యేళ్ల_ఉద్యోగి | మంగళవారం మధ్యాహ్నం 12:40

ప్యాక్ గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. పదకొండేళ్లు మా కంపెనీ ప్యాక్‌కు జీతంలోంచి కోత పెట్టించుకుని ఇచ్చినవాణ్ని, చెబుతాను.

కంపెనీ అభ్యర్థికి నేరుగా ఇవ్వకూడదు గనక ప్యాక్ అని ఒక విడి నిధి పెడుతుంది. దాని నిర్వహణ ఖర్చు కంపెనీది, అందులో పడే డబ్బు మాత్రం ఉద్యోగులది, వాటాదారులది. మామూలుగా అడగడానికి వీలున్నది మేనేజర్లు, పైస్థాయి ఉద్యోగులు, వాటాదారులు, వాళ్ల కుటుంబాలనే. మిగతా ఉద్యోగులను ఏడాదికి రెండుసార్లు, ఇంటి చిరునామాకు ఉత్తరం రాసి మాత్రమే అడగొచ్చు. ఇది రాజకీయ అవసరాలకని, ఇవ్వకపోయినా ఏ నష్టమూ ఉండదని స్పష్టంగా చెప్పి తీరాలి. మనిషికి ఏడాదికి 5,000 డాలర్లు పరిమితి. ఆ నిధి తిరిగి ఒక్కో అభ్యర్థికి ఒక్కో ఎన్నికకు 5,000 వరకు ఇస్తుంది. కొన్ని కంపెనీలు మీరు ప్యాక్‌కు ఇచ్చినంత మీ పేరున ఏదైనా ధర్మసంస్థకు ఇస్తాయి, అది చట్టబద్ధమే. నేను ఆ ఆశతోనే మొదలుపెట్టాను.

నాకు మింగుడుపడనిది, డబ్బు ఎవరికి వెళ్లాలో నేను నిర్ణయించను. మా కమిటీ రెండు పార్టీల వాళ్లకూ ఇచ్చేది, మా వ్యాపారాన్ని తాకే కాంగ్రెస్ కమిటీల్లో ఎవరుంటే వాళ్లకు. 2021 జనవరి 6న క్యాపిటల్ మీద దాడి తర్వాత ఎన్నిక ధ్రువీకరణకు అడ్డు చెప్పిన సభ్యులకు చాలా కంపెనీల ప్యాక్‌లు చందాలు ఆపాయి. అప్పుడు మా జాబితా తెరిచి చూస్తే, నా జీతం ముక్క ఎవరి దగ్గరికి వెళ్లిందో చూసి తల వంచుకోవాల్సి వచ్చింది. ఆ నెలే కోత ఆపించాను. ఫారం నింపడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఎవరూ ఏమీ అనలేదు. అది ముందే చేయనందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ప్యాక్ తప్పని నేననను. కానీ ఇచ్చేవాళ్లు ఏటా ఒక్కసారైనా ఆ నిధి ఎవరికి ఇచ్చిందో చూడండి. అదీ బహిరంగ రికార్డే.

వెయిటింగ్_లిస్ట్ | మంగళవారం సాయంత్రం 5:10

అన్నలూ అక్కలూ, నాది హెచ్‌-1బీ. ఇక్కడ పదమూడేళ్లుగా పన్ను కడుతున్నాను. ఒక అభ్యర్థి సభకు వెళ్లి 30 డాలర్లకు టీషర్టు కొనబోతుంటే పక్కనున్న ఫ్రెండ్ ఆపాడు. టీషర్టు కూడా కొనకూడదా? మా పాప ఇక్కడే పుట్టింది, తన పేరున ఇవ్వచ్చా?

పద్దుల_పుస్తకం | మంగళవారం సాయంత్రం 5:45

మీ ఫ్రెండ్ మీకు మేలు చేశాడు. ప్రచార కమిటీ అమ్మే టీషర్టుకు, విందు టికెట్టుకు కట్టే డబ్బు మొత్తం డొనేషన్ కిందే లెక్క. గ్రీన్‌కార్డు లేని విదేశీయులు ఫెడరల్, రాష్ట్ర, స్థానిక ఎన్నికల్లో దేనికీ ఇవ్వకూడదు. గ్రీన్‌కార్డు ఉంటే ఇవ్వచ్చు.

పాప విషయం: పద్దెనిమిది లోపు పిల్లలు ఇవ్వచ్చు, కానీ నిర్ణయం తనదై ఉండాలి, డబ్బు తన సొంతమై ఉండాలి. మీ డబ్బు పాప చేతిలో పెట్టి పంపితే అది మీ డొనేషన్. దయచేసి ఆ పని చేయకండి. మీ కేసు వలస కార్యాలయం చేతిలో ఉంది.

జీతం తీసుకోకుండా వాలంటీరుగా పనిచేయచ్చు. తలుపులు తట్టొచ్చు, ఫోన్లు చేయచ్చు. డబ్బు ఖర్చు ఎలా చేయాలన్న నిర్ణయాల్లో మాత్రం తలదూర్చకూడదు. మా ప్రచారంలో అందరికంటే ఎక్కువ గుమ్మాలు తొక్కిన కుర్రాడికి ఓటు లేదు.

రూల్_బుక్ | మంగళవారం రాత్రి 8:00

దీని మీద కేసు కూడా నడిచింది. తాత్కాలిక వీసా మీద ఇక్కడ పనిచేస్తున్న ఒక లాయరు, ఒక డాక్టరు కలిసి ఎలక్షన్ కమిషన్ మీద వేశారు, బ్లూమన్ కేసు అంటారు. ఇక్కడ బతుకుతున్నాం, పన్ను కడుతున్నాం, మాకెందుకు ఉండదు ఈ హక్కు అన్నారు. 2011లో ముగ్గురు జడ్జీల కోర్టు కుదరదంది, ఆ తీర్పు రాసింది ఇప్పుడు సుప్రీంకోర్టులో ఉన్న కావనా. 2012 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే ఖరారు చేసింది.

వెయిటింగ్_లిస్ట్ | మంగళవారం రాత్రి 8:15

తలుపులు తడతాను. థాంక్స్ అక్కా.

కొత్త_ఓటరు | బుధవారం రాత్రి 10:30

అందరికీ కృతజ్ఞతలు. ఇన్ని చదివాక ధైర్యం వచ్చి, మొదట రాయని సంగతి ఇప్పుడు రాస్తున్నాను. అసలు ఈ విషయాలన్నీ నేను వెతకడం మొదలుపెట్టింది దీనివల్లే.

మా డైరెక్టర్ వచ్చే నెల తన ఇంట్లో ఒక సెనేట్ అభ్యర్థి కోసం విందు పెడుతున్నాడు. ఆహ్వానం కంపెనీ మెయిల్‌లో వచ్చింది, పంపింది ఆయన అసిస్టెంటు. మనిషికి వెయ్యి డాలర్లు సూచించారు. మా టీమ్‌లో పన్నెండు మందికి వచ్చింది. నిన్న ఆయనే నా డెస్క్ దగ్గరికి వచ్చి భుజం తట్టి, "వెయ్యి ఎక్కువనుకోకు, ఇయర్ ఎండ్ బోనస్‌లో చూసుకుందాం" అన్నాడు. ఇద్దరు అప్పటికే ఇచ్చేశారు. నాకు ఆ అభ్యర్థి మీద ప్రత్యేకించి కోపమేమీ లేదు. కానీ ఆ మాట విన్నప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు.

ఇరవయ్యేళ్ల_ఉద్యోగి | బుధవారం రాత్రి 10:38

ఇవ్వకండి. ఇంకేం చేసినా ముందు అది.

రూల్_బుక్ | బుధవారం రాత్రి 11:20

నేను ఒక పెట్టుబడుల సంస్థలో నియమాల విభాగంలో పనిచేస్తాను. దయచేసి నిదానంగా చదవండి.

బోనస్‌లో చూసుకుందాం అన్న ముక్కే ఇందులో అసలు ప్రమాదం. ఒకరి డబ్బు ఇంకొకరి పేరున ఇవ్వడం ఫెడరల్ నేరం. కంపెనీ సొమ్ముతో ఉద్యోగికి తిరిగి చెల్లిస్తే అది కంపెనీ ఇచ్చినట్టే, పైగా దొంగ పేరుతో. తెలిసి తన పేరు వాడుకోనిచ్చినవాడిదీ తప్పే. "పైవాడు చెప్పాడు, చేశాను" అంటే మీ మెడ మీద కత్తి తొలగదు.

ఇవి కాగితం మీద ఉండిపోయే చట్టాలు కావు. రాజకీయ వ్యాఖ్యాత దినేశ్ డిసౌజా 2012లో న్యూయార్క్ సెనేట్ అభ్యర్థికి ఇతరుల పేర్లతో 20,000 డాలర్లు ఇప్పించి వాళ్లకు తిరిగి కట్టాడు. 2014లో నేరం ఒప్పుకున్నాడు, 2018లో ట్రంప్ క్షమాభిక్ష పెట్టాడు. క్షమాభిక్ష దొరికేంత పలుకుబడి మనకు లేదు. ఇంకా దగ్గరిది ఎఫ్‌టీఎక్స్. ఆ క్రిప్టో కంపెనీ డబ్బు పైస్థాయి ఉద్యోగుల పేర్ల మీద రాజకీయ చందాలుగా వెళ్లింది. నిషాద్ సింగ్, రయన్ సలామే ఇద్దరూ 2023లో నేరం ఒప్పుకున్నారు. సలామేకు 2024 మేలో ఏడున్నరేళ్ల శిక్ష పడింది, అందులో అనుమతి లేకుండా డబ్బు బదిలీ చేసిన నేరం కూడా ఉంది. రికార్డులో దాతల పేర్ల గడిలో ఉన్నవి ఆ ఉద్యోగుల పేర్లే.

రెండోది, అడిగిన పద్ధతి. డైరెక్టర్ తన ఇంట్లో, తన ఖర్చుతో, స్నేహితులను పిలిచి విందు పెట్టుకోవచ్చు. ఉద్యోగి తన పనివేళల్లో వారానికి గంట, నెలకు నాలుగు గంటల లోపు సొంత రాజకీయ పని చేసుకుంటే కూడా నియమాలు చూసీచూడనట్టు వదిలేస్తాయి. కానీ కింది ఉద్యోగి చేత చందాల పని చేయించడం, కంపెనీ జాబితాలు, కంపెనీ వనరులు దానికి వాడటం వేరే సంగతి. ఆ అసిస్టెంటు తనంతట తాను పంపి ఉండదు కదా.

మీ దగ్గర ఆ మెయిల్ ఉంటే తుడిచేయకండి. ఆయన అన్న మాట, తేదీ, సమయం ఈ రాత్రే ఒక కాగితం మీద రాసుకోండి.

నిశ్శబ్ద_దాత | గురువారం ఉదయం 6:40

మొన్న పేర్లు బయటపెట్టకూడదని వాదించాను. ఇది చదివాక ఒకటి ఒప్పుకుంటాను. ఒకే టీమ్‌లో పన్నెండు మంది ఒకే రోజు వెయ్యేసి ఇచ్చినట్టు బయటికి తెలిసేది ఆ రికార్డు ఉండటం వల్లే. నా భయం నాకు అలాగే ఉంది. కానీ మిమ్మల్ని కాపాడేది కూడా ఆ గడే కావచ్చు.

తులసికోట | గురువారం ఉదయం 9:05

నాయనా, నేను రిటైరైన దాన్ని. మా వారు ముప్పై ఏళ్లు ఫెడరల్ ఆఫీసులో పనిచేశారు. అక్కడ 1939 నాటి హాచ్ చట్టం ఉంది. వాళ్లు సొంతంగా ఇవ్వచ్చు గానీ ఇంకొకరిని చందా అడగడానికి వీల్లేదు, డ్యూటీలో ఉండగా ఆ ఊసే ఎత్తకూడదు. పైఅధికారి కింది మనిషిని అడిగితే అది అడగడం కాదు, వసూలు చేయడం అనేవారు మా వారు. ప్రైవేటు కంపెనీలకు ఆ చట్టం లేదు కానీ మనిషి మనసు ఎక్కడైనా ఒకటే.

రెండు ముక్కలు చాలు. "నా డొనేషన్లు నేను ఇంట్లో మాట్లాడుకుని నిర్ణయించుకుంటానండి, ఈసారి రాలేను." కారణం చెప్పొద్దు. కారణం చెబితే దానికి సమాధానం చెప్తారు.

రూల్_బుక్ | గురువారం మధ్యాహ్నం 1:10

అమ్మగారి మాట బంగారం.

పక్కదారి అయినా ఒకటి చెప్పి ఊరుకుంటాను, మన వాళ్లు చాలామంది ఫైనాన్స్‌లో ఉన్నారు కాబట్టి. మీది పెట్టుబడి సలహా సంస్థ అయితే, ప్రభుత్వ పింఛను నిధులు చూస్తుంటే, సొంత డబ్బు ఇచ్చే ముందు కూడా అనుమతి తీసుకోండి. 2010లో స్టాక్ మార్కెట్లను నియంత్రించే ఎస్‌ఈసీ పెట్టిన నియమం ప్రకారం సంబంధిత ఉద్యోగి రాష్ట్ర, స్థానిక పదవుల అభ్యర్థికి, తనకు ఓటున్న చోట 350 డాలర్లు, లేని చోట 150 దాటి ఇస్తే ఆ ప్రభుత్వం నుంచి రెండేళ్ల పాటు సంస్థ ఫీజు తీసుకోకూడదు. ఒక్క ఉద్యోగి చెక్కుతో సంస్థకు కోట్ల నష్టం. మునిసిపల్ బాండ్ల వాళ్లకు 1994 నుంచే ఇలాంటిది ఉంది, అక్కడ 250.

పదవిలో ఉన్న గవర్నరు ఫెడరల్ పదవికి పోటీ చేసినా ఇది తగులుతుంది. 2016లో పెన్స్, 2024లో వాల్జ్ ఉపాధ్యక్ష అభ్యర్థులైన రోజుల్లో మా ఫోన్లు ఆగలేదు. "అధ్యక్ష ఎన్నికలే కదా" అని ఇచ్చేసి తర్వాత వాపసు కోసం పరుగెత్తినవాళ్లను చూశాను.

అర్ధరాత్రి_కోడర్ | గురువారం రాత్రి 11:50

కొత్త ఓటరు గారూ, ఏమైందో చెప్పండి. అందరం మీ గురించే ఆలోచిస్తున్నాం.

కొత్త_ఓటరు | తర్వాతి బుధవారం రాత్రి 9:20

ఆలస్యానికి క్షమించండి.

శుక్రవారం డైరెక్టర్ గదికి వెళ్లి తులసికోట అమ్మ రాసిన రెండు ముక్కలే చెప్పాను. ఆయన ఒక క్షణం చూసి, "సరే, నీ ఇష్టం" అన్నాడు. గొంతులో వెచ్చదనం లేదు. సోమవారం కంపెనీ ఎథిక్స్ విభాగానికి ఫోన్ చేశాను. పేరు చెప్పాలా వద్దా అని గంటసేపు ఆలోచించి చెప్పే చేశాను. మెయిల్ కాపీ, నేను రాసుకున్న కాగితం పంపాను. వాళ్లు వాదించలేదు, ఆశ్చర్యపోలేదు, తేదీలు మాత్రం మూడుసార్లు అడిగారు.

నిన్న అందరికీ ఒక మెయిల్ వచ్చింది. వ్యక్తిగత రాజకీయ ఆహ్వానాలు కంపెనీ మెయిల్‌లో పంపకూడదని, ఏ డొనేషన్‌నూ కంపెనీ ఏ రూపంలోనూ తిరిగి చెల్లించదని. ఆహ్వానం వెనక్కి తీసుకున్నారు. నా రేటింగ్ ఏమవుతుందో ఏడాది చివర గానీ తెలియదు. దాని గురించి దిగులు లేదని చెబితే అబద్ధమవుతుంది.

ఇప్పటికే వెయ్యి ఇచ్చిన ఇద్దరు నన్ను పక్కకు పిలిచి ఏం చేయాలని అడిగారు. వాళ్లకేం చెప్పను?

పద్దుల_పుస్తకం | బుధవారం రాత్రి 9:55

మీరు చేసిన పనికి చేతులెత్తి నమస్కారం.

ఆ ఇద్దరికీ ఇంకా ఎవరూ తిరిగి చెల్లించలేదు. ఇప్పటికైతే బ్యాంకులోంచి వెళ్లింది వాళ్ల డబ్బే. కానీ తిరిగి వస్తుందన్న మాట నమ్మి ఇచ్చారు గనక దీన్ని ఇలాగే వదిలేయొద్దు. నేను లాయర్ని కాను, వాళ్లు ఒకసారి సొంత లాయరుతో మాట్లాడితే మంచిది. కంపెనీ లాయరు కంపెనీ కోసం ఉంటాడు. నేను ట్రెజరర్‌గా ఉన్నప్పుడైతే దాత వాపసు కావాలని రాస్తే వెంటనే పంపేసేదాన్ని. ఇంకొకరి డబ్బని తర్వాత తెలిసిందంటే మాకు 30 రోజులే గడువు, ఆ లోపు వదిలించుకోవాలి. ఏ పేరుతో ఇవ్వజూపినా ఆ వెయ్యికి సరిపడే బోనస్ మాత్రం ముట్టుకోవద్దని చెప్పండి.

కొత్త_ఓటరు | బుధవారం రాత్రి 10:25

చెప్పాను. ఇద్దరూ ఈ రాత్రే వాపసు కోసం ప్రచార కమిటీకి రాస్తున్నారు.

ఇంకొకటి. భోజనాల దగ్గర ఆ అంకె చూపించిన అతనికి అదే పేజీ తెరిచి కింద ఉన్న చిన్న అక్షరాలు చదివి వినిపించాను. తర్వాత నా పేరున్న వరస నేనే చూపించి, ఇందులో 250 నాది, కంపెనీది కాదు అన్నాను. అతను నా ఫోన్ తీసుకుని చాలాసేపు చూశాడు. అతనిది వేరే పార్టీ. "నేనూ ఇద్దామనుకుంటున్నా, ఫారంలో కంపెనీ పేరు రాయాలా?" అని అడిగాడు. రాయమన్నాను.

వెయిటింగ్_లిస్ట్ | బుధవారం రాత్రి 10:40

శనివారం అరవై గుమ్మాలు తట్టాను. పదకొండు మంది తలుపు తీశారు.

తులసికోట | గురువారం ఉదయం 8:15

నాకో సందేహం తల్లీ, పద్దుల పుస్తకం. మా చెల్లెలు గ్రీన్‌కార్డు మీద కొడుకు దగ్గర ఉంటోంది. తనూ యాభై డాలర్లు ఇస్తానంటోంది. ఎప్పుడూ ఉద్యోగం చేయలేదు. యజమాని అన్న గడిలో ఏం రాయాలి?

పద్దుల_పుస్తకం | గురువారం ఉదయం 8:40

ఉద్యోగం లేదు అని రాస్తే చాలండి. గృహిణి అని రాసినా సరిపోతుంది. డబ్బు మాత్రం ఆవిడ సొంత ఖాతాలోంచి, ఆవిడ కార్డుతోనే వెళ్లాలి. కొడుకు కార్డు వాడితే అది కొడుకు ఇచ్చినట్టవుతుంది.